గొడుగు కింది వైద్యం

మా పెద్దబావ గొడుగు లేకుండా గడప దాటినవాడు కాదు. ఎండ మంచిదని ఊరందరికీ చెప్పింది మాత్రం ఆయనే.

నా కూతురికి మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణశక్తే తిరగబడి నరాలను కొరికే జబ్బు. అనంతపురం డాక్టరు తెలుగులో రాసిచ్చిన కాగితాన్ని, ఇంట్లో చదువుకున్నవాడని, బావే చదివాడు.

"ఎండ ఆ శక్తిని శాంతపరుస్తాదంట. ఎంత కాస్తే అంత మేలు."

మే నెల మధ్యాహ్నం పిల్లను మిద్దె మీద కూర్చోబెట్టించి, తాను గొడుగు కింద నిలబడ్డాడు.

"పెదనాయనా, కాళ్లు కదలడం ల్యా. కండ్లు మసకలు కమ్ముతాండాయి."

"ఓర్చుకో తల్లీ, మందు పని చేస్తాండాది."

నేను అక్షరాలు నేర్చి అప్పటికి ఏడాది. బావ చేతిలోని కాగితం లాక్కుని కూడబలుక్కుంటూ చదివాను. పొద్దుటి ఎండ కొంచెం మేలు చేయవచ్చు అని ఉంది. దాని కిందే, ఒంటికి వేడి తగలనివ్వకూడదు అని ఉంది.

"ఈ కింది మాట ఏమైంది బావా?"

"అది చిన్నగా రాసినాడు గదమ్మా!"

కాగితం ఆయన చేతిలో పెట్టి గొడుగు లాక్కున్నాను. దాని నీడలో పిల్లను మెల్లగా కిందికి దించాను. ఒళ్లు చల్లబడ్డాక దాని కాళ్లు కదిలాయి.

మా వైద్యుడు మాత్రం మెట్ల దాకా ఉన్న పది అడుగుల ఎండను, తల మీద ఆ కాగితమే కప్పుకుని పరుగున దాటాడు.