మేం కప్పిన శాలువా

మా ఊరి సిటీ హాల్లో మామూలు జనం మాట్లాడటానికి మూడు నిమిషాలు ఇస్తారు. మైకు పక్కన ముందు పచ్చ లైటు వెలుగుతుంది, తర్వాత పసుపు, ఆ తర్వాత ఎరుపు. ఎరుపు పడ్డాక ఎంత ముఖ్యమైన మాట మధ్యలో ఉన్నా సరే, "థాంక్యూ మ్యామ్" అని కూర్చోబెట్టేస్తారు. ఆ ఏడాది నేను ఆ మైకు ముందు నాలుగుసార్లు నిలబడ్డాను. నాలుగుసార్లూ "గుడ్ ఈవెనింగ్" అని, నా పేరు ఒక్కో అక్షరం వాళ్ళకి చెప్పేసరికి ముప్పావు నిమిషం పోయింది. అంత పొడుగు పేరు పెట్టిన మా తాతగారి మీద కూడా కోపమొచ్చింది.

గొడవంతా ట్రైలర్ పార్కు గురించి. ప్లేనోలో ఉండే మా చెల్లెలికి అదేమిటో వివరించడానికే నాకు వారం పట్టింది. "ట్రైలర్ అంటే ట్రక్కుకి తగిలించుకునేదే కదక్కా, వేరేచోటికి లాక్కెళ్ళి పెట్టుకోవచ్చుగా?" అంటుంది. అదే కుదరదు. ఫ్యాక్టరీలో తయారుచేసి, ట్రక్కు మీద తెచ్చి దింపిన పొడవాటి రేకు ఇల్లు అది. ఇల్లు ఉంటున్నవాళ్ళది, కింద నేల ఇంకొకరిది. నేలకి నెలనెలా అద్దె కట్టాలి. టెక్సస్‌లో, గల్ఫ్ తీరంలో ఉన్న మా చిన్న ఊళ్ళో, సముద్రానికి రెండు వీధుల ఇవతల అలాంటి ఇళ్ళు అరవై దాకా ఉండేవి. నేల యజమాని దాన్ని ఒక కంపెనీకి అమ్మజూపాడు. కంపెనీవాళ్ళు అక్కడ ఎనిమిదంతస్తుల కాండోలు, అంటే అమ్ముకునే ఖరీదైన ఫ్లాట్లు, కింద రెస్టారెంట్లు కడతామన్నారు. అందుకు ఆ స్థలం జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టుకోవచ్చో చెప్పే రూలు, మార్చాలి. మార్చాలో వద్దో తేల్చేది సిటీ కౌన్సిల్.

ఆ పార్కులో మా బస్ ఆంటీ ఉండేది. స్కూల్ బస్సు నడిపిన అమెరికన్ ఆవిడ. మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు, హాస్పిటల్ ల్యాబులో నా షిఫ్టు అయ్యేలోపే బస్సు మా స్టాపుకి వచ్చేసేది. అక్కడ పెద్దవాళ్ళెవరూ లేకపోతే పిల్లని దింపకూడదని రూలు. ఆవిడ మా పిల్లని ఆఖరి స్టాపు దాకా తన వెనక సీట్లోనే కూర్చోబెట్టుకుని, బస్సు అప్పగించాక తన ఇంటికి తీసుకెళ్ళి, నేను వచ్చేదాకా చూసుకునేది. అది కూడా రూలుకి విరుద్ధమే అయ్యుంటుంది, ఆవిడ లెక్కచేయలేదు. రెండేళ్ళు అలా గడిచింది. మా పిల్ల ఆంటీ అంటే విని మిగతా తెలుగు పిల్లలూ ఆంటీ అన్నారు, చివరికి మేమూ అన్నాం. ఇప్పుడావిడకి డెబ్బై నాలుగేళ్ళు. ఇల్లు సొంతమే కానీ, పాతది. కదిలిస్తే విరుగుతుంది. విరక్కపోయినా, అంత పాత ఇంటిని ఇంకో పార్కువాళ్ళు లోపలికి రానివ్వరు. జోనింగ్ మారితే ఇల్లు అక్కడే వదిలేసి, కట్టుబట్టలతో కాకపోయినా కొన్ని అట్టపెట్టెలతో వెళ్ళిపోవాలి. నా బాధంతా అదొక్కటే. మిగతా రాజకీయం నాకు అక్కర్లేదు.

నాకు అక్కర్లేకపోతే మాత్రం అది నన్ను వదిలితేగా! మొదటి మీటింగు మ్యాపులో తప్పుందని వాయిదా పడింది. రెండోది, పార్కు ముందు పాతిన నోటీసు బోర్డు గాలికి పడిపోయిందని వాయిదా. మూడోదాంట్లో కంపెనీవాళ్ళు రంగుల బొమ్మలు చూపించారు. ఆ బొమ్మల్లో అందరూ సన్నగా ఉన్నారు, అందరూ సైకిళ్ళు తొక్కుతున్నారు. మా ఊళ్ళో ఆగస్టు ఎండలో సైకిలు తొక్కేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ప్రతి మీటింగులోనూ ఒకాయన లేచి, ఏ విషయం నడుస్తున్నా సరే, పార్కింగు గురించి మాట్లాడి కూర్చునేవాడు.

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు ఇంకో తలనొప్పి. "రండి, హాలు నిండితే కౌన్సిల్ వింటుంది" అని పెట్టాను. "కాండోలొస్తే మన హౌస్ వాల్యూస్ పెరుగుతాయి కదండీ" అని ఒకరు. "గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉన్నాం, లోకల్ పాలిటిక్స్ మనకెందుకండీ" అని ఇంకొకరు. మిగతావాళ్ళు బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు. మీటింగుకి మాత్రం ఒక్కరూ రాలేదు. వీళ్ళ పిల్లల్లో సగంమంది ఆవిడ బస్సెక్కి చదువుకున్నవాళ్ళే.

కౌన్సిల్లో ఐదుగురు. ఇద్దరు కంపెనీ వైపు, ముగ్గురు పార్కు వైపు. ఓట్లు సమానంగా చీలితే మేయరు ఓటు వేస్తాడు, ఆయన కంపెనీ మనిషని ఊరందరికీ తెలుసు. అందుకని మా ముగ్గురిలో ఒక్కరు కూడా జారిపోకూడదు. ఆ ముగ్గురిలో పార్కు కోసం గట్టిగా నిలబడింది ఒక రిటైర్డ్ టీచరమ్మ.

ఆ టీచరమ్మని మా తెలుగు సంఘం ఉగాది ఫంక్షన్‌కి చీఫ్ గెస్టుగా పిలుద్దామన్నది నేనే. ఈ మాట నేనే ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత మా సంఘంలో ప్రతివాళ్ళూ అది తమ ఐడియా కాదని తేల్చేశారు.

మనవాళ్ళకి ఒక స్టేజీ, ఒక మైకు, ఒక పెద్దమనిషి దొరికితే శాలువా కప్పకుండా ఉండలేరు. శాలువాతో పాటు వెండి పళ్ళెం కూడా తెచ్చాం. స్టేజీ మీద టీచరమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి, "ఓ నో, ఐ కాంట్" అంది. మనలో మొదటిసారి ఇస్తేనే పుచ్చుకునేదెవరు? కాఫీ ఇస్తామంటే "అబ్బే, ఇప్పుడే తాగొచ్చాం" అనడం, రెండోసారి అడిగాక కప్పు అందుకోవడం మన మర్యాద. నేను మళ్ళీ శాలువా విప్పాను. ఆవిడ ఈసారి ఇంకా గట్టిగా, "ఐ రియల్లీ కాంట్ యాక్సెప్ట్ దిస్" అంది.

"ఎంత మొహమాటమో చూడండి పాపం! మీరు కప్పేయండమ్మా" అన్నారు మా ప్రెసిడెంటు గారు.

కప్పేశాను. "ఇట్స్ అవర్ కస్టమ్" అని కూడా అన్నాను. హాలంతా చప్పట్లు. అంతమంది ముందు శాలువా తీసేయలేక ఆవిడ నవ్వింది. ఆ నవ్వుని ఫోటో తీశాం.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికొచ్చి ఆ ఫోటో సంఘం పేజీలో పెట్టి, కింద ఇంగ్లీషులో "మా పొరుగువాళ్ళ ఇళ్ళు కాపాడినందుకు కృతజ్ఞతలతో" అని రాశాను. ఓటింగుకి ఇంకా మూడు వారాలుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే.

ఓటింగు రోజు హాలు నిండిపోయింది. బస్ ఆంటీ ఇస్త్రీ బట్టలు వేసుకొచ్చి నా పక్కనే కూర్చుంది. కంపెనీ లాయరు తెర మీద మా ఫోటో వేశాడు. శాలువా, పళ్ళెం, నేను, నా పళ్ళు, అన్నీ గోడంత పెద్దగా కనిపించాయి. కింద నేను రాసింది చదివి వినిపించాడు. గొంతు కూడా పెంచలేదు. "ఓటు వేయకముందే కానుక. దేనికోసమో వాళ్ళే రాసుకున్నారు" అన్నాడు.

సిటీ తరఫు లాయరు వంగి టీచరమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ మైకు దగ్గరికి జరిగింది. వద్దని తను రెండుసార్లు చెప్పానని, మర్నాడే ఆ రెండు వస్తువులూ సిటీ ఆఫీసులో అప్పగించానని, అయినా తను ఓటేస్తే ఈ నిర్ణయం కోర్టులో నిలబడదు కాబట్టి ఓటు వేయనని అంది. కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయింది. నావైపు చూడనైనా లేదు.

"ఆవిడ తప్పేం లేదు! నేనే బలవంతంగా కప్పాను!" అని లేచి అరిచాను.

"థాంక్యూ మ్యామ్" అన్నాడు మేయరు.

ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. మేయరు ఓటు కంపెనీకి. ఏడాది గొడవ పది నిమిషాల్లో అయిపోయింది. నా పక్కన బస్ ఆంటీ ఏమీ అర్థంకానట్టు, "అయిపోయిందా? ఇంతేనా?" అని అడిగింది. అవునన్నాను.

"పోనీలే అక్కా, నువ్వు మంచికే కదా చేశావ్" అంది మా చెల్లెలు ఫోన్లో. నాకు ఒళ్ళు మండింది. మంచికి చేసిందే ఇలా ఉంటే, చెడుకి చేస్తే ఎలా ఉండేదో! కాలేజీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "షీ సెడ్ నో, అమ్మా. ట్వైస్. నో అంటే నో అని నాకు నువ్వే చెప్పావ్ కదా" అంది. గ్రూపులో ఎవరో కాండోల బుకింగ్ ఎప్పుడు మొదలవుతుందని అడిగారు. ఆ మెసేజీకి ఇరవై బొటనవేళ్ళు పడ్డాయి. గ్రూపులోంచి బయటికొచ్చేశాను.

ఖాళీ చేయమని పార్కులో అందరికీ కాగితాలొచ్చాయి. ఒక ఆదివారం బస్ ఆంటీ మా ఇంటికొచ్చింది. గంట దూరంలో పెద్దవాళ్ళకి అపార్ట్‌మెంట్లున్నాయట, ఆన్‌లైన్లో అప్లై చేయాలి, ఆవిడకి కంప్యూటరు లేదు. మా పిల్ల గది ఖాళీగానే ఉంది, వచ్చి ఉండమన్నాను. "వద్దులే, నీకెందుకు శ్రమ" అని కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ అడుగుదామని నోరు తెరిచాను. మళ్ళీ అడిగే ధైర్యం లేకపోయింది. ఆవిడ కాసేపు అలాగే చూసి, "సరే, మొదలుపెట్టు" అంది.

పేరు, పుట్టిన తేదీ నింపాను. ఇప్పుడుంటున్న ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగింది ఫారం. "సొంతం" అంది ఆవిడ, నిటారుగా కూర్చుని. ఎన్నేళ్ళుగా ఉంటున్నారు? "ముప్ఫై ఎనిమిది." తర్వాతి ప్రశ్న, ఎందుకు ఖాళీ చేస్తున్నారు. చదివి వినిపించి, కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని ఆవిడ చెబుతుందని చూశాను. ఆవిడ మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ప్రశ్నలకి జవాబులు చెప్పి అలిసిపోయినట్టు ఉంది, అంతే.

"నీకు తెలుసుగా, నువ్వే రాసెయ్" అంది.