మేడమ్ గురించి రాని వార్త

మా లైబ్రేరియన్ మేడమ్ ఇక లేరని మొన్న పొద్దున పాల దుకాణం దగ్గర తెలిసింది. మరునాడు పేపర్‌లో చిన్న వార్త వచ్చింది: "ఎందరికో కొలువులు చూపిన గ్రంథాలయాధికారిణి కన్నుమూత." ఫొటో లేదు. పేరు వేశారు గానీ, ఆ పేరు మాలో సగం మందికి తెలియదు. మాకు మేడమ్ అంటే మేడమే. చదివి కడుపు మండిపోయింది.

మీరు ఆమెను ఎరుగరు కాబట్టి చెబుతున్నాను. సిద్దిపేటలో మా లైబ్రరీకి పేపర్లు రాగానే ఆమె పేజీలు విడదీసి బల్లల మీద పరిచేవారు. ఒక్క పేపర్ అందరికీ అందాలంటే అదే మార్గం మరి. మధ్యాహ్నమైతే బీడీలు చుట్టే ఆడవాళ్లు, మగ్గం మానేసిన ముసలివాళ్లు వచ్చి ఓ మూల చేరేవారు. చదువొచ్చిన తాత ఒకాయన కథల పుస్తకం పైకి చదివేవాడు, రానివాళ్లు వినేవారు. కథలో ఎవడైనా పెళ్లాన్ని ఏడిపించాడా, "వాని నోట్ల మన్నువడ!" అని తిట్లే తిట్లు. మేడమ్ పడీపడీ నవ్వేవారు.

"ఈడికి ఊకెనే రావొచ్చు. ఎందుకొచ్చినవని నేనెవ్వల్ని అడుగ" అనేవారు.

పేపర్లకు ఊరికే రావడం వార్త కాదు కదా! గ్రంథాలయ వారోత్సవాలకు ఏటా విలేకరి దిగేవాడు. "మేడమ్, ముసలోళ్లను జర లేపున్రి. కొలువుల పరీక్షలకు సదివే పిల్లలను కూసోవెడితే ఫొటో మంచిగస్తది."

"వాళ్లు లేస్తే నేను గూడ లేస్త. ఖాళీ కుర్చీలు తీస్కో" అన్నారామె ఒకసారి. అతను అవతలి బల్లల దగ్గర చదువుకుంటున్న పిల్లలను ఫొటో తీసుకుని పోయాడు. "కొలువుల కోవెల" అని వేశారు. అది కాకుంటే "బూజు పట్టిన పుస్తకాలు" అని వేస్తారు. మూడో రకం లైబ్రరీ వాళ్ల కళ్లకు ఆనదేమో!

తర్వాత "గ్రంథాలయంలో ముచ్చట్లు, అభ్యర్థులకు ఇక్కట్లు" అని వచ్చింది. నిజమే, పిల్లలకు ఇబ్బందే. అందుకే మరో గది ఇమ్మని ఆమె ఎప్పటినుంచో ఆఫీసుల చుట్టూ తిరుగుతుండేవారు. ఆ ముక్క ఎవరూ రాయలేదు. పైనుంచి ఆర్డరు మాత్రం వచ్చింది, హాల్లో పైకి చదవడం బంద్. కథల బీరువాలు వరండాలోకి పోయాయి, వాటి జాగలో కుర్చీలు పడ్డాయి.

"అబద్ధం రాస్తే దిద్దుమని అడగొచ్చు. వీళ్లు సగం రాసిన్రు. సగానికి ఏం దిద్దుమనాలె?" అన్నారు మేడమ్ ఆ రోజు. తాతను, ఆడవాళ్లను పిలిచి తన కుర్చీ కూడా వరండాలోనే వేయించుకున్నారు. పోయేదాకా మధ్యాహ్నాలు అక్కడే.

నిన్న ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తాత పేజీ తెచ్చి ఆ వార్త పైకి చదివాడు. కొలువులు, ర్యాంకులు, సేవలు, అంతా అయిపోయింది. బీడీల అక్క ఓపిగ్గా విన్నది.

"ఎవలో పాపం, మంచామెనే ఉన్నట్టుంది" అన్నది. "మరి మన మేడమ్ గురించి ఏ పేజీల ఏసిన్రు తాతా? అది సదువు."

తాత ఆ పేజీని మెల్లగా రెండో వైపుకు తిప్పాడు.