స్టేషన్‌కని చెప్పి ఎక్కిన జట్కా

మా పెద్దమ్మాయి రత్నమ్మ మదనపల్లెకు అవతలనున్న క్షయ ఆసుపత్రిలో చేరి పదకొండు నెలలైంది. సోమవారం పొద్దున ఆపరేషన్ అనీ, అంతకుముందు పిల్లలను ఒక్కసారి కళ్లారా చూడాలనీ ఉత్తరం రాయించింది. ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకానే చూడనిస్తారు. ఐదుకు గేటు మూస్తారు. అందుకే నేనూ మావారూ మనవరాళ్లిద్దరినీ తీసుకుని ఆ ఆదివారం పుంగనూరు నుంచి బయలుదేరాం. సుశీలకు తొమ్మిదేళ్లు, రాజికి నాలుగు. ఊళ్లో అందరికీ రత్నమ్మ కుప్పంలో అత్తగారింట్లో ఉందనే చెప్పాం. రాజికీ అదే చెప్పాం. ఆ జబ్బు పేరు వింటే మా రెండో అమ్మాయిని అడుగుతున్నవాళ్లు మళ్లీ గడప తొక్కరని మావారి భయం. నా భయం కూడా.

పన్నెండున్నర బస్సెక్కితే రెండు గంటలకల్లా మదనపల్లెలో ఉండాలి. టిక్కెట్టు ఆరణాలు, పిల్లలకు సగం. కాని యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. వెనక తగిలించిన పొయ్యి రాజుకోవడానికే అరగంట పట్టింది. ఈలోగా రాజి జడ ఊడిపోతే మావారే అల్లారు. తీరా బయలుదేరాక మిట్ట ఎక్కలేక బండి నిలిచిపోయింది.

"దిగండప్పా! పిలకాయలు కూర్చోనీండి, పెద్దోళ్లు నడవండి," అన్నాడు డ్రైవరు.

"టిక్కెట్టు మాది, నడిచేదీ మేమేనా?" అన్నారెవరో.

"తోసేదీ మీరే సామీ!"

అందరూ నవ్వారు. నేను మావారి గడియారం వైపే చూస్తున్నాను. మదనపల్లె చేరేసరికి మూడుంబావు దాటింది.

అక్కడి నుంచి ఆసుపత్రి ఐదు మైళ్లు, జట్కాలో గంట. అదే దారిలో ఇంకో మూడు మైళ్లు పోతే రైల్వే స్టేషన్. అందువల్ల మాలాంటివాళ్లు స్టేషన్‌కని చెప్పి ఎక్కి, ఆసుపత్రి గేటు రాగానే మెల్లగా దిగిపోతారు. మావారూ అలాగే అడిగారు. జట్కా తోలే మస్తాన్ నా చేతిలోని క్యారియర్ చూసి రూపాయి అన్నాడు. ఎక్కి కూర్చున్నామో లేదో, "నేనూ టేసన్‌కే, జరుగన్నా," అంటూ వెంకటప్ప ఎక్కాడు. మా రెండో అమ్మాయిని అడుగుతున్న పిల్లవాడికి మేనమామ ఆయన.

"పిలకాయల్తో యాడికన్నా?"

"కుప్పానికి. కూతుర్ని సూసొస్తాం," అన్నారు మావారు.

"పుంగనూరు నుంచి కుప్పానికి పలమనేరు మింద గదా పోవల్ల? ఈ పక్కకి యాల వచ్చినారు?"

"పిలకాయలకి రైలు సూపిద్దామని..."

వెంకటప్ప క్యారియర్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

నాలుగూ ఇరవైకి సున్నం కొట్టిన గేటు స్తంభాలు కనిపించాయి. మస్తాన్ తనంతట తానే గుర్రాన్ని నెమ్మది చేశాడు. మావారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. వెంకటప్పను స్టేషన్‌లో దింపి వెనక్కి రావాలని ఆయన ఉద్దేశం. పోను మూడు మైళ్లు, రాను మూడు మైళ్లు. మనసులో రెండుసార్లు లెక్క వేశాను. ఎలా వేసినా ఐదు దాటుతోంది. గేటు వెనకబడింది. అన్నీ తెలిసిన సుశీల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆపప్పా," అన్నాను. గుర్రం ఇంకో నాలుగడుగులు వేసింది. "మస్తానూ, ఆపు. మేం ఆస్పత్రికి పోవల్ల. మా రత్నమ్మ ఈడుండాది."

వెంకటప్ప కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆ చివరికి జరిగాడు.

"ఎక్కేటప్పుడే తెలుసమ్మా నాకు," అన్నాడు మస్తాన్. "క్యారియర్లో అన్నం పెట్టుకొని రైలు సూసేదానికి ఎవురు పోతారు? ఈయన్ని దింపేసి మీకోసరం వస్తా."

మావారు రాజిని భుజాన వేసుకుని గేటు వైపు పరుగులాంటి నడకతో పోయారు.

పిల్లలను వార్డులోకి రానివ్వరు. ఆవరణలో తెల్లరాళ్ల వరస ఉంది, అక్కడే నిలబడాలి. రత్నమ్మ ఇరవై అడుగుల దూరంలో వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. రాజి నా వెనక దాక్కుంది.

"అవ్వా, ఇది కుప్పమా?"

నాకంటే ముందు రత్నమ్మే చెప్పింది. "కాదు నాయనా, మదనపల్లె. ఆ రాయికాడికి దా. తిరుగు, జడ సూడనీ. ఎవురేసినారే అంత వంకరగా?"

"తాత!"

రత్నమ్మ నవ్వింది. నవ్వుతో దగ్గు వచ్చింది. అది తగ్గాక, "ఇంకోసారి తిరుగు," అంది. గంట కొట్టేదాకా పిల్లలిద్దరూ తిరుగుతూనే ఉన్నారు.

ఆపరేషన్ అయింది. రత్నమ్మ ఇంకా అక్కడే ఉంది, కాస్త అన్నం తింటోంది. వెంకటప్ప వాళ్ల నుంచి మాత్రం కబురు లేదు. ఆ రోజు నేను నోరు విప్పకపోయి ఉంటే అని రాత్రిళ్లు ఆలోచిస్తాను. ఎటు ఆలోచించినా నాకు ఆ పిల్లలు గిరగిరా తిరగడమే కనిపిస్తుంది. ఈ దారిన వెళ్లవలసినవారికి ఒక్క మాట. మదనపల్లె జట్కాల దగ్గర స్టేషన్ అనకండి, ఆసుపత్రికే అడగండి. పన్నెండణాలకు గేటు ముందే దింపుతారు. పోయిన ఆదివారం మావారు పదిమందిలో నిలబడి, గట్టిగా, అలాగే అడిగారు.