లైటుకు ఊడే పట్టీ

మా అద్దంకిలో కొడవలితో చెయ్యి తెగినా, కాగే నూనె మీద పడినా జహీరున్నీసా గారి దగ్గరికే పరిగెత్తేవాళ్లం. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు కట్లు కట్టిన మనిషి. నోరు పెద్దది, చెయ్యి మాత్రం మెత్తన. పుండుకు అతుక్కుపోయిన గుడ్డను ఏనాడూ లాగేది కాదు. ఉప్పునీళ్లు చుక్కచుక్కగా పోస్తూ, "కదిలావంటే చూడు!" అని కసురుతూ, అదే ఊడొచ్చేదాకా కూర్చునేది.

2008లో మా ల్యాబులో చేసిన జిగురు పట్టీ ఒకటి పట్టుకెళ్లి ఆవిడకు గొప్పగా చూపించాను.

"తడి పుండుకైనా అంటుకుంటుందండీ. నీలం లైటు వేస్తే దానంతటదే ఊడుతుంది. ఇక నానబెట్టే పనే లేదు."

ఆవిడ దాన్ని వేళ్ల మధ్య నొక్కి చూసింది. "జున్నులా ఉందే. మరి ఎండ తగిలితేనో?"

"ఎండలోనూ నీలం వెలుగు ఉంటుందండీ" అన్నాను, ఆవిడకేదో సైన్సు నేర్పుతున్నట్టు.

"నా దగ్గరికొచ్చేది పొద్దస్తమానం ఎండలో మిరపకాయలు కోసేవాళ్లే పిచ్చిదానా! చేలోనే ఊడి పడదూ?"

నాలుగేళ్లుగా ట్యూబులైట్ల కింద పదకొండు మందిమి దాని మీదే పనిచేస్తూ కూర్చున్నాం. ఆ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు.