ఎర్ర మిడతలు

సూది వేసే ముందు నర్సమ్మ దూదితో రాసే స్పిరిట్ వాసనకి అందరికీ నొప్పి గుర్తొస్తుందేమో, నాకు మాత్రం మా అప్ప మిడతల పెట్టె గుర్తొస్తుంది. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. నాన్నకి భిలాయి ఉక్కు ప్లాంటులో పని. మేమిద్దరం సెక్టర్ 4 క్వార్టర్‌లోనే పుట్టి పెరిగాం.

వానలు వెనకబట్టి, మా వీధి చివరి మైదానంలో గడ్డి మోకాళ్ళ దాకా లేచి, అడుగు వేస్తే చాలు చిటపటమంటూ మిడతలు ఎగిరే ఆ రోజుల్లో, అప్ప బడి నుంచి రాగానే సంచీ గుమ్మంలో పడేసి, అమ్మ ఇచ్చిన చోడి అంబలి నిలబడే తాగేసి, నన్ను వెంటేసుకుని గడ్డిలోకి దూరేది. పొట్టి మీసాలవి ఒక గుంపు, ఒంటికంటే పొడుగు మీసాలవి ఇంకో గుంపు, రాత్రిళ్ళు కీచుమనే ఇలకోళ్ళు ఆ రెండో గుంపుకి దగ్గర చుట్టాలు. మొదటివాటికి చెవులు పొట్ట పక్కన, మిగతావాటికి ముంగాళ్ళ మీద ఉంటాయని చూపిస్తే నేను నోరు వెళ్ళబెట్టేదాన్ని. దణ్ణం పెడుతున్నట్టు కూచునే గొల్లభామని పట్టి తెస్తే మాత్రం కసిరేది.

"గెంతే కాళ్ళేవే దీనికి? ఇది ఈళ్ళ సుట్టం కాదు, వొదిలీ!"

వీధి పిల్లలు "టిడ్డా దీదీ", మిడతలక్కా, అని ఎంత ఏడిపించినా ఆవిడగారికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. నాన్నకే ఇది బొత్తిగా నచ్చేది కాదు. అప్ప పదో తరగతికి వచ్చిన ఏడు తేల్చి చెప్పేశాడు.

"మిడతల్ని సదివి ఏటి తింటావే గుంటా? నీ పెట్టె దుర్గ్‌లో నెగ్గి రాయపూర్ ఎల్లిందా, బయాలజీ తీసుకో, నాను అడ్డు రాను. నేదంటే నోర్మూసుకుని కామర్స్."

దుర్గ్‌లో పిల్లల సైన్సు ప్రదర్శన ఉంది, అక్కడ నెగ్గినవి రాయపూర్ పోటీకి వెళ్తాయి. అప్ప పట్టినవన్నీ గుండుసూదులతో అట్టపెట్టెలో గుచ్చి, డాబా మీద ఎండబెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పింది. ఇంతలో జ్వరం తగులుకుంది. గుడ్డ తియ్యొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. మర్నాడు విశ్వకర్మ పూజ. నాన్న ప్లాంటు నుంచి తెచ్చిన బూందీ మెక్కి, పతంగి ఎగరేద్దామని డాబా ఎక్కితే తోకకి గుడ్డ లేదు. పెట్టె మీది గుడ్డలో సగం చింపేశాను. నాలుగు రోజులకి అప్ప జ్వరం తగ్గి లేచేసరికి మిగిలిన సగమూ తీసి దాచేశాను.

పెట్టె చూసి అప్ప కెవ్వుమంది. ఒకే రకమనుకున్న మిడతల్లో సగం పచ్చగా ఉన్నాయి, సగం ఎర్రగా తిరిగాయి! "పుస్తకంలో నేవే ఇవి!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. ప్లాంటు ఎర్ర దుమ్ము మా గిన్నెల మీదా, ఆరేసిన బట్టల మీదా, కిటికీ చువ్వల మీదా పొద్దస్తమానం ఉండేదే. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న ఎరుపు కాబట్టి అది దుమ్మని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. నాకైనా గుడ్డ సంగతి చెప్పాలనిపించింది కానీ, తంతారని నోరు నొక్కుకున్నాను.

దుర్గ్‌లో, పెట్టెలు చూడ్డానికి వచ్చిన ముసలాయన అప్ప రాసిన "ఎర్ర రకం" చీటీ రెండుసార్లు చదివి, దూది స్పిరిట్‌లో ముంచి ఒక మిడత వీపు మీద రాశాడు. దూది ఎర్రబడింది, మిడత పచ్చబడింది. "ధూల్ హై, బేటీ," దుమ్మమ్మా అన్నాడు, జాలిగానే. చుట్టూ పిల్లలు విరగబడి నవ్వారు. అప్పకి తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చేదాకా పెట్టె ఒళ్ళోనే పెట్టుకుంది, నన్ను ఒక్క మాట అడగలేదు. ఇంట్లో పెట్టె అటక ఎక్కింది, అప్ప కామర్స్‌లో చేరింది. ఆ పాపం నాదే. అడిగితే అప్పుడే చెప్పేసేదాన్నేమో.

ఇప్పుడు అప్ప దుర్గ్ కోర్టు దగ్గర కాగితాలు టైపు చేస్తుంది. మొన్న ఆదివారం, ఈసారైనా చెప్పేద్దామని, పనిగట్టుకుని సెక్టర్ 4 తీసుకెళ్ళాను. మైదానంలో గడ్డి లేదు, అంతా పలకలు పరిచి బళ్ళు నిలుపుతున్నారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో, పొడుగు మీసాలది ఒకటి అప్ప భుజం మీద వాలింది.

"అప్పా, ఇది ఏ రకమో సెప్పు."

అప్ప ఓరగా చూసింది.

"ఏటో పురుగే. దులిపీ."

దులిపేశాను.