జెల్లీలో పడ్డ బల్లి

ఇది చదివాక నా దగ్గరికి స్కానింగుకి రావాలో మానాలో మీరే తేల్చుకోండి. ఉన్న కాస్త పరువూ పోతే పోనీ, చెప్పేస్తాను.

శ్రీకాకుళంలో స్కానింగు గది తెరిచిన కొత్త. దోమలు ఇంటింటికీ చికున్‌గున్యా పంచిపెడుతున్న రోజులు. జ్వరం నాలుగు రోజుల్లో పోయేది గాని కీళ్ళనొప్పులు ఇల్లరికపుటల్లుడిలా తిష్ట వేసేవి. అల్ట్రాసౌండుతో కీళ్ళ వాపు చూడడం అప్పుడే నేర్చుకొచ్చానేమో, నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

కళింగపట్నంలో చేపలు ఎండబెట్టుకునే నూకాలమ్మ, తోటికోడల్ని తోడు తీసుకుని వచ్చింది. జ్వరం తగ్గి నెలైనా మణికట్టు పట్టేస్తోందట. నేను జెల్లీ తీయగానే చెయ్యి లాగేసుకుంది.

"ఏటి బాబూ ఆ జిగురు? మావూళ్ళో కొత్త పడవైనా ముందు కట్టించినోడే ఎక్కాల. ముందు నీ సెయ్యెట్టి సూపు!"

నా ఎడమ మణికట్టు మీద జెల్లీ పూసి, స్కానింగు ప్రోబు ఆనించి, బొమ్మ రాగానే ఫ్రీజ్ బటన్ నొక్కాను. "చూశావా? ఏమీ కాలేదు." ఆమె ధైర్యం చేసి చెయ్యి చాపింది. ప్రోబు అటు మార్చి తెరకేసి చూశాను. ఇంకేముంది, పూనకం వచ్చింది!

"అమ్మో, కీలు నిండా నీళ్ళే! ఆ పొర చూడు, ఎలా వాచిందో! రెండు నెలలు ఈ చేత్తో పనిచెయ్యడానికి వీల్లేదు."

నూకాలమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇప్పుడే కద బాబూ సేపలు పడతన్నాయి! నా సెయ్యాగిపోతే పొయ్యెలా ఎలుగుద్ది?"

ఇప్పటికీ సిగ్గేసేది ఇక్కడే. ఆ చెయ్యి నా ముందే ఉంది. పట్టుకు చూస్తే వాపు లేదని ఎవడికైనా తెలుస్తుంది. కానీ అంతటి తెర ఉండగా చెయ్యెవడికి కావాలి?

తోటికోడలు తెరకేసి వేలు చూపించింది. "బాబూ, నువ్వు సెయ్యంతా తిప్పతన్నావు, ఆ బొమ్మ కదల్దేటి?"

బొమ్మని ఆపేసి మరిచిపోయిన ఆ ఫ్రీజ్ బటన్ మళ్ళీ నొక్కాను. తెరమీద బొమ్మ కదిలింది. నూకాలమ్మ కీలు శుభ్రంగా ఉంది. కాస్త బిగుసుకుంది, అంతే. కాపడం పెట్టుకుని మెల్లగా ఆడిస్తే సర్దుకుంటుంది.

"మరా నీళ్ళెవరివి బాబూ?" అంది తోటికోడలు.

నావే! నెల కిందట నాకూ జ్వరం వస్తే ఎండదెబ్బన్నాను. రోజూ పొద్దున్నే ఎడంచెయ్యి ముడుచుకోకపోతే బైకు క్లచ్చును తిట్టుకున్నాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడుతుందంటారు, నేను జెల్లీలో పడ్డాను.

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుని నా మణికట్టు పట్టుకు నొక్కింది. కెవ్వుమన్నాను.

"వాపుందే! ముట్టుకుంటే తెలిసిపోతన్నాది గదా బాబూ, దీనికి మిసనెందుకు?"

ఆ రోజే జెల్లీ సీసా మీద చెయ్యేసి ప్రమాణం చేశాను. ముందు మనిషిని ముట్టుకుంటాను, తర్వాతే మిషన్ని. వేసింది కుడిచెయ్యే లెండి, ఎడమది లేవలేదు.