కూత వినబడని కొండ

పెనుకొండ దగ్గర గుట్ట మీద కొండగోగు ఆకులన్నీ రాల్చి పసుపుపచ్చగా పూసిన ఉదయమది. తొంభైల చివర. మా ప్రకృతి సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. పిట్ట కూత విన్నవాళ్లు మాట్లాడకుండా చెయ్యెత్తాలి. ఆ రోజు అందరి చేతులూ లేచాయి, నాది తప్ప.

"ఏ పిట్టప్పా? నాకేం వినబడలేదే" అన్నాను.

"నీ ఎదురుగానే కూస్తాండాది కదన్నా" అన్నాడు సంఘం నడిపే షఫీ.

నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. హేతువాద సభల్లో వాదించి పెరిగినవాణ్ణి. రుజువు చూపమన్నాను. ఎంతమంది చేతులెత్తితే లేనిది ఉన్నదవుతుందని గొంతు పెంచాను. నా అరుపుకు బెదిరి పొదలోంచి మట్టిరంగు పిట్ట ఒకటి లేచిపోయింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు భయం వేసింది.

అనంతపురంలో చెవి డాక్టరు "గుబిలి లేదు" అన్నాడు. తల వంచి చీటీ రాస్తూ ఇంకేదో అడిగాడు. వినబడలేదు. అయినా తలూపాను. మా సభల్లో వేదిక మీద ప్రశ్న మళ్లీ అడగమంటే ఓడినట్టే లెక్క. ఆయన మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే ఒకటే మగత. మరుసటి ఏడు పూల కాలంలో గుట్ట ఎక్కలేకపోయాను. పిలవడానికీ ఎవరూ రాలేదు. ఆపై ఏడూ అంతే. ఒంటరివాణ్ణి. ఇంట్లో పలకరించే మనిషి లేడు.

పక్కింటి నారాయణమ్మ ఒక్కతే గోడ మీదుగా అరిచేది. "దేవుణ్ణి తిట్టినావు, చెవులు మూసినాడు. కదిరి దేవునికి మొక్కుకో సామీ."

"మీ పూజారికి చక్కెర రోగం యాడ్నుంచి వచ్చిందమ్మా? ఆయన ఎవర్ని తిట్టినాడు?"

"ఆయప్ప లడ్లు తింటాడులే."

ఆ వారమంతా నేను మనిషితో మాట్లాడింది అంతే.

చివరికి బెంగళూరు వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ నా ముఖంలోకి చూస్తూ అడిగింది. "తల తిరుగుతుందా?"

"ఎప్పుడూ లేదమ్మా."

"మరి వర్టిగో మాత్రలెందుకు వాడుతున్నారు?"

అప్పుడర్థమైంది, నేను దేనికి తలూపానో. మాత్రలు మానిపించి, వినికిడి ఎంతుందో చూసే ఆడియోగ్రామ్ తీయించింది. "నర్వ్ డెఫ్‌నెస్. చెవి నరం దెబ్బతింది. పోయిన వినికిడి రాదు. ఎడమ చెవిలో కొంత మిగిలింది, హియరింగ్ ఎయిడ్ పెట్టుకోండి" అంది.

తిరిగొచ్చిన రోజు బస్టాండులో షఫీ కనబడ్డాడు. "తలుపు ఎంత కొట్టినా తీయకపోతివి. మా మింద కోపమనుకుంటిమి."

"వినబడలేదు షఫీ. ఎడమ చెవిలోనే కొంచెం మిగిలింది."

 అతను నా ఎడమ పక్కకు మారి నడిచాడు.

ఇప్పుడు మళ్లీ వెళ్తున్నాను. గుట్ట మీద గాలి వీస్తే చెవి మిషన్‌లో హోరుమంటుంది, తీసి జేబులో వేసుకుంటాను. తంగేడు పూలు, మోదుగ పూలు చూస్తాను. పిట్ట కూసినప్పుడు అందరూ ఆగి ఒకే వైపు తిరుగుతారు. ఆ కాసేపు నేను వాళ్ల మధ్య ఉండీ లేనట్టే. దానికి మందు లేదు, ఉందని మీకు అబద్ధం చెప్పను.

చెప్పగలిగింది ఒకటుంది. వినబడనప్పుడు తలూపకండి. డాక్టరైనా, స్నేహితుడైనా, "వినబడలేదు, నా వైపు చూసి మళ్లీ చెప్పు" అనండి. ఆ ఒక్క మాట అనలేక రెండేళ్ల పూల కాలం గదిలో కూర్చుని పోగొట్టుకున్నాను.